ఫ్రిజ్ ఉందా, లేదా?

"గడియారం ఆగిపోయిందా ఏమిటి ఇవాళ?" అన్నారు అత్తగారు మంచం మీద నుంచే.

ఆగింది గోడ గడియారం కాదు. అది ఆరూ ఇరవై చూపిస్తూ తన పని తాను చేసుకుపోతోంది. ఈ ఇంట్లో గడియారమంటే అంట్లు తోమి, ఇల్లు తుడిచి, బట్టలు ఉతికి, అత్తగారికి స్నానం చేయించి వెళ్ళే మనిషి. తొమ్మిదేళ్ళుగా ఎండైనా వానైనా ఆరు కొట్టేసరికి గుమ్మం ముందు ఆమె చెప్పులు విడిచిన చప్పుడు వినిపిస్తుంది కాబట్టి అత్తగారు ఆ పేరు పెట్టారు. మెచ్చుకుని పెట్టిన పేరే. మెచ్చుకోవడానికి పైసా ఖర్చు లేదు కదా.

"ఆలస్యమైతే ఒక్క ఫోనైనా చెయ్యొద్దూ? నెత్తికెక్కించుకుంటే ఇలాగే ఉంటుంది," అన్నారు మళ్ళీ. ఎవరు నెత్తికెక్కించుకున్నారో చెప్పలేదు. చెప్పకపోయినా ఆ మాట నేరుగా వంటింట్లోకి వచ్చి సింకు ముందు నిలబడ్డ కోడలికి తగిలింది.

ఆ కోడలిని బయట అందరూ లెక్కలమ్మ అంటారు. వార్డు ఆఫీసు తరఫున ఇల్లిల్లూ తిరిగి, ఎవరింట్లో ఎందరున్నారు, ఎవరికి ఏముంది, ఏం లేదు అని ట్యాబ్‌లో నింపుకొచ్చే ఉద్యోగం ఆమెది. సందు మొదట్లో ఆమె గొడుగు కనబడగానే పిల్లలు "లెక్కలమ్మ వస్తోందోయ్" అని కేకేస్తారు. పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీదే చేస్తోంది. ఈ ఏడాది పర్మనెంట్ చేసే పన్నెండు మందిలో ఆమె పేరుంది. ఆ సంగతి భర్తకి చెబితే, "మంచిదే. అయినా ఇంటి పని దెబ్బతినకుండా చూసుకో," అన్నాడు. ఆయన ఫ్లాట్లు కట్టే కంపెనీలో అమ్మకాల మేనేజరు. ఇంటి పని దెబ్బతినడమంటే ఏమిటో ఆయనకి ఇంతవరకూ తెలియదు, ఎందుకంటే అది ఎప్పుడూ దెబ్బతినలేదు. దెబ్బతినకుండా చూసేవాళ్ళు ఇద్దరున్నారు. ఒకరికి జీతం తక్కువ, ఇంకొకరికి జీతమే లేదు.

మాడిన గిన్నె అడుగు ఎంత గీకినా వదలడం లేదు. టీ ఏమైందని ఆయన, చెయ్యి పట్టుకుని లేపమని అత్తగారు. పక్క గదిలో పదో తరగతి కూతురు ఇంకా పడుకునే ఉంది. పరీక్షల రోజులు, ఏడు దాకా లేపకూడదని ఇంట్లో నియమం. లెక్కలమ్మ గిన్నె పక్కన పెట్టి టీ పెట్టింది, అత్తగారిని లేపింది, మళ్ళీ వచ్చి గిన్నె పట్టుకుంది. చేతులు పనిలో ఉన్నాయి గానీ మనసు మాత్రం వార్డు ఆఫీసు గోడ దగ్గరే ఉండిపోయింది.

గడియారం ఎందుకు రాలేదో ఈ ఇంట్లో ఆమె ఒక్కదానికే తెలుసు.

నిన్న సాయంత్రం ఆఫీసు గోడకి కొత్త పేదల జాబితా అంటించారు. అంటించారు అనడమెందుకు, జిగురు పూసి అంటించింది లెక్కలమ్మే. జాబితాలో ఉన్నవాళ్ళకి కార్డు ఉంటుంది. కార్డు ఉంటే బియ్యం, మందులు, పిల్లలకి ప్రభుత్వ హాస్టల్లో సీటు. మూడో కాగితం కింద తొలగించిన పేర్లున్నాయి. అందులో పదిహేడో పేరు గడియారానిది. పక్కన కారణం ఒకే ఒక్క మాటలో ఉంది: ఫ్రిజ్. లెక్కలమ్మ ఆ కాగితాన్ని అరచేత్తో బాగా అదిమి, మూలలు లేవకుండా చూసి ఇంటికొచ్చింది. దారిలో గడియారం ఉండే సందు మీదుగానే వచ్చింది. లోపలికి వెళ్ళి చెప్పొచ్చు. వెళ్ళలేదు. అత్తగారి మాత్రల వేళయిందని తనకి తానే చెప్పుకుంది. ఆ మాటా నిజమే కావడం వల్ల కాళ్ళు ఇంకా తొందరగా నడిచాయి.

అసలు ఆ ఫ్రిజ్ సంగతి చెప్పాలి.

రెండేళ్ళ కిందట ఈ ఇంట్లోకి రెండు తలుపుల కొత్త ఫ్రిజ్ వచ్చింది. పాతదాని కంప్రెసర్ పోయింది. చూడ్డానికి వచ్చిన రిపేరు మనిషి, "దీనికి పెట్టే డబ్బుతో కొత్తది సగం వస్తుందమ్మా. ఇది ఇక బీరువా కింద పనికొస్తుంది," అని నవ్వి వెళ్ళిపోయాడు. సరిగ్గా ఆ వారంలోనే గడియారం జీతం పెంచమని అడిగింది. ఏడేళ్ళలో మొదటిసారి అడగడం. అడగడం కూడా గిన్నెలవైపు చూస్తూ అడిగింది. ఆయన పేపరు మడిచి, "పాత ఫ్రిజ్ ఇచ్చెయ్. రెండేళ్ళు నోరెత్తదు," అన్నాడు. "వాళ్ళ ఏడు తరాల్లో ఎవరైనా ఫ్రిజ్ మొహం చూశారా?" అన్నారు అత్తగారు. గడియారానికి ఆ మాట చెప్పింది మాత్రం లెక్కలమ్మే. "జీతం సంగతి తర్వాత చూద్దాంలే. ఈ ఫ్రిజ్ తీసుకెళ్ళు. కొంచెం రిపేరు చేయించుకుంటే చాలు, బంగారంలా పనిచేస్తుంది." బంగారం అన్న మాట ఎవరూ నేర్పలేదు, తనే కలిపింది. గడియారం మొహం వెలిగిపోయింది. తోపుడుబండి మనిషికి డబ్బులిచ్చుకుని, తాళ్ళు కట్టించి, సందులో అందరూ చూస్తుండగా తీసుకెళ్ళింది. ఆ రోజు లెక్కలమ్మ చాలా సంతోషపడింది, ఇద్దరు ముగ్గురు స్నేహితులకి ఫోన్లో చెప్పుకుంది కూడా. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుందని అప్పుడెవరో అంటే మురిసిపోయింది.

తర్వాత రెండేళ్ళు గడియారం జీతం ఊసెత్తలేదు. ఆయన లెక్క తప్పలేదు.

ఈ ఏడాది మొదట్లో కొత్త సర్వే వచ్చింది. మీటింగులో సూపర్‌వైజరు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఊళ్ళో ఎన్ని కొత్త రోడ్లు, ఎన్ని అద్దాల మేడలు, ఎంతమందికి కార్లు. "ఊరు ఇంత పెరిగింది. మరి పేదలు అంతేమంది ఉంటే ఎలా? లెక్క కుదరాలి కదా! వార్డుకి వంద ఇళ్ళు తగ్గాలి. ఫ్రిజ్ ఉందా, లేదా? బండి ఉందా, లేదా? అంతే. మీ జాలీ గీలీ ట్యాబ్‌లో నింపడానికి గడి లేదు," అన్నాడు. అందరూ నవ్వారు. లెక్కలమ్మ కూడా నవ్వింది. ఆ గదిలో ఉన్న ఇరవై ఎనిమిది మందీ ఆడవాళ్ళే. ఇరవై ఎనిమిది మందికీ ఇంట్లో ఎవరో ఒకరు అంట్లు తోముతుంటేనే ఆ కుర్చీల్లో కూర్చోగలిగారు.

గడియారం ఇంటికి ఆమె వెళ్ళింది మధ్యాహ్నం మూడున్నరకి. భర్త కంపెనీ కట్టే ఇరవై అంతస్తుల మేడ నీడ సరిగ్గా ఆ వేళకి సందు మీద పడుతుంది. ఒకటే గది, పైన రేకులు. ఉన్న ఒక్క కుర్చీని చీర చెంగుతో తుడిచి వేసింది గడియారం. మంచినీళ్ళిచ్చింది. తమ ఇంట్లో తను ఎప్పుడూ ఆమెకి కుర్చీ వేయలేదన్న సంగతి లెక్కలమ్మకి ఆ కుర్చీలో కూర్చున్నాకే గుర్తొచ్చింది. ట్యాబ్ తెరవగానే మొదటి ప్రశ్న: సర్వే చేసేవారికి ఈ కుటుంబంతో ఏదైనా సంబంధం ఉందా? ఉంటే ఆ ఇంటికి వేరేవాళ్ళని పంపాలి. సంబంధమంటే చుట్టరికమే కదా అనుకుని 'లేదు' నొక్కింది.

ఫ్రిజ్ గది మూల నిలబడి ఉంది. తన కూతురు చిన్నప్పుడు తలుపు మీద అంటించిన పసుపు సీతాకోకచిలుక అలాగే ఉంది, ఒక రెక్క చిరిగి. గడియారం తలుపు తీసి చూపించింది. లోపల దీపం లేదు, చల్లదనం లేదు. పై అరల్లో గడియారం కూతురి పుస్తకాలు, కింద బియ్యం డబ్బా, గుడ్ల అరలో పెన్సిళ్ళు. ఆ పిల్లా పదో తరగతే. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. "వానకి తడవ్వమ్మా, ఎలకలు కొట్టవు. సెలవులకొస్తే దీని ముందే కూర్చుని చదువుతుంది," అంది గడియారం నవ్వుతూ.

ట్యాబ్ అడిగింది: ఫ్రిజ్ ఉందా, లేదా? పనిచేస్తోందా అని అడగలేదు. 'లేదు' నొక్కితే తర్వాత ఎవరైనా చూసి పట్టుకోవచ్చు. పర్మనెంట్ అయ్యే ఏడు. పైగా వంద ఇళ్ళు తగ్గాలి, ఆమె వంతుకి ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి. గంట నాలుగు దాటితే అత్తగారి మాత్రలు ఆలస్యమవుతాయి. ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి బుర్రలో తిరిగాయి గానీ, నిజం చెప్పాలంటే వీటన్నిటికంటే ముందే వేలు 'ఉంది' మీద పడింది. ఫోటో తియ్యమంది ట్యాబ్. గడియారం జుట్టు సవరించుకుని ఫ్రిజ్ పక్కన నిలబడింది. "బాగా వచ్చిందా అమ్మా?" అని అడిగింది. బాగానే వచ్చింది.

ఇవాళ ఎనిమిదింటికి గుమ్మం ముందు చెప్పుల చప్పుడైంది.

గడియారం లోపలికొచ్చి, లెక్కలమ్మ చేతిలోంచి స్క్రబ్బరు తీసుకుని, మాడిన గిన్నె అందుకుంది. "ఆఫీసు దగ్గరికెళ్ళొచ్చానమ్మా. మా పేరు తీసేశారంట. ఫ్రిజ్ ఉందని," అంది. గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే లెక్కలమ్మకి భయమేసింది. "హాస్టల్ వార్డెనమ్మ నెలాఖరులోగా కొత్త కార్డు చూపించమంది. లేకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారంట. మీరు అక్కడే కదమ్మా చేసేది. ఏదైనా చూడండి."

"ఏదో పొరపాటు జరిగుంటుంది. చూస్తాలే," అంది లెక్కలమ్మ. పొరపాటు అన్న మాట తన నోట్లోంచి అంత నున్నగా ఎలా జారిందో ఆమెకే తెలియలేదు.

లోపలి నుంచి అత్తగారు అన్నీ వింటున్నారు. నడవడానికి కాళ్ళు లేవు గానీ చెవులకేం లోటు లేదు. "పోతే పోనీవే! పదో తరగతి చదివి ఏం ఉద్ధరిస్తుంది? పిల్లని ఇక్కడికి పంపు. నా దగ్గరే ఉంటుంది, నన్ను లేపుతుంది, కూర్చోబెడుతుంది. తిండీ బట్టా మాదే," అన్నారు.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చాడు. "అమ్మ చెప్పింది బాగుంది. నీకూ సుఖం, వాళ్ళకీ ఆసరా," అన్నాడు ఫ్లాటు చూపించేటప్పటి నవ్వుతో.

గిన్నె మీద స్క్రబ్బరు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

ఆ క్షణంలో లెక్కలమ్మ మనసులో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఆమెకి తెలుసు. ఆ పిల్ల ఈ ఇంట్లో తిరుగుతున్నట్టు కనిపించింది. తను ఏడింటిదాకా పడుకున్నట్టు, సాయంత్రం మాత్రల కోసం పరుగెత్తక్కర్లేనట్టు, ఆదివారం నిజంగా ఆదివారంలా గడిచినట్టు కనిపించింది. ఎంత హాయిగా అనిపించిందో! ఒక్క క్షణమే, కానీ నిండుగా అనిపించింది. అత్తగారి మీదా ఆయన మీదా కోపం తెచ్చుకోవడం తేలిక, ఇన్నేళ్ళూ అదే చేస్తోంది. వాళ్ళు పైకి అన్నది తను లోపల అనుకుంది, అంతే తేడా. తన మీద పడ్డ బరువు దించుకోవడానికి ఆమెకెప్పుడూ కనబడింది ఇంకో ఆడమనిషి భుజమే. ఆయన భుజం పక్కనే ఉన్నా ఎన్నడూ కంటికి ఆనలేదు. ఇప్పుడు ఆ వరసలో పదిహేనేళ్ళ పిల్ల.

"ఆ పిల్ల ఇక్కడికి రాదు," అంది ఆయనకి కంచం పెడుతూ, మెల్లిగా.

"సరే, నీ ఇష్టం," అన్నాడాయన. ఆయన చెడ్డవాడేం కాదు, తెలివైనవాడు. తింటూనే దారి చెప్పాడు. "మరి అంత బాధైతే ఒక పని చెయ్. ఆ ఫ్రిజ్ మాదే, చోటు లేక వాళ్ళింట్లో పెట్టామని నేను రాసిస్తాను. ఇంకొకరి వస్తువు దాచిపెడితే లెక్కలోకి రాదు కదా. వాళ్ళ కార్డు వాళ్ళకొస్తుంది. నువ్వు ఉందని నొక్కిందీ తప్పు కాదు. పాము చావదు, కర్ర విరగదు."

లెక్కలమ్మకి ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదింటికి డాబా మీద గడియారం బట్టలు ఆరేస్తుంటే వెళ్ళి, తనూ ఒక దుప్పటి కొస పట్టుకుంది. దులుపుతూ చెప్పింది, ఆయన చెప్పినదంతా. "నువ్వు కూడా అవునను, అంతే. అది మాదే, నీ దగ్గర పెట్టామని."

గడియారం దుప్పటి తీగ మీద వేసి, క్లిప్పులు పెట్టి, అప్పుడు చూసింది ఆమె మొహంలోకి.

"అది నాదమ్మా," అంది.

"నీదేలే. ఊరికే కాగితం మీద..."

"కాగితం మీద కూడా నాదే. రెండేళ్ళు జీతం పెంచమని అడగలేదు దానికోసం. మీరు చీర ఇచ్చినా, అన్నం ఇచ్చినా మీదే అంటాను. అది మాత్రం కొనుక్కున్నాను."

"అది పనిచేయదని..." అని ఆగిపోయింది లెక్కలమ్మ.

"తెచ్చుకున్న రోజే తెలుసమ్మా. రిపేరు మనిషిని పిలిచాను. మీ ఇంటికొచ్చినాయనే వచ్చాడు. చూడగానే, 'ఇది చచ్చిందని వాళ్ళకి చెప్పానే, మళ్ళీ నీకెందుకు అంటగట్టారు?' అన్నాడు."

కింద వీధిలో కాంక్రీటు లారీ ఒకటి వెళ్ళింది.

"రెండేళ్ళు... మరి నన్ను అడగలేదేం?" అంది లెక్కలమ్మ.

"అడిగితే మీరు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి కదమ్మా. ఆఫీసుకెళ్ళే హడావిడిలో మీకదో పని." అంత మామూలుగా అని, ఖాళీ బకెట్టు తీసుకుని, "పెద్దమ్మగారికి స్నానం వేళయింది," అంటూ మెట్లు దిగింది.

లెక్కలమ్మ తడి దుప్పటి వెనక అలాగే నిలబడిపోయింది. రెండేళ్ళు. ఏడువందల పొద్దులు. ప్రతి పొద్దునా ఆరింటికి చెప్పులు విడిచిన మనిషికి తను చెప్పింది అబద్ధమని తెలుసు. తెలిసే గిన్నెలు తోమింది, జ్వరమొస్తే తన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, సర్వేకి వెళ్తే కుర్చీ తుడిచి వేసింది. ఫోటోకి నవ్వుతూ నిలబడింది. లెక్కలమ్మ ఏడుపు ఆపుకోలేదు. ఏడిస్తే బరువు తగ్గుతుందంటారు. అదేం తగ్గలేదు. కాసేపటికి ఆమె మొహం తుడుచుకుని ఆఫీసుకి బయలుదేరింది.

సూపర్‌వైజరు ఆమె చెప్పింది విని, తలుపు దగ్గరికి వేశాడు.

"చెయ్యి జారి 'ఉంది' నొక్కానంటే కుదరదు, మీరే ఫోటో తీశారు. మళ్ళీ వేరేవాళ్ళు వెళ్ళి చూడాలంటే మూడు నెలలు."

"నెలాఖరుకి ఆ పిల్ల సీటు పోతుంది సార్."

"అయితే ఒకటే దారి. పనిచేయని ఫ్రిజ్ లేనట్టే లెక్క. సర్వే చేసిన మనిషే తప్పు ఒప్పుకుని రాసిస్తే వారంలో పేరు తిరిగొచ్చేస్తుంది, విచారణ కూడా అక్కర్లేదు. కానీ ఆ కాగితం మీ ఫైల్లోకి వెళ్తుంది. మీ ఫైలు ఇప్పుడు ఎవరి టేబుల్ మీద ఉందో తెలుసు కదా?" సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. "పదకొండేళ్ళమ్మా. ఆలోచించుకోండి. ఒక్క ఇంటి కోసం ఎందుకు? పేదలు తగ్గారని పైకి పంపేశాం కూడా. అయినా ఆవిడ మీకేమవుతుంది?"

"ఆ కాగితం ఇవ్వండి సార్," అంది లెక్కలమ్మ.

ఇంటికెళ్ళాక ఏమవుతుందో ఆమెకి తెలుసు. పదకొండేళ్ళు చేసి ఏం సాధించావని ఆయన అంటాడు. ఊళ్ళో పరువు తీశావని అత్తగారంటారు. రేపు ఆరింటికి చెప్పుల చప్పుడు వినిపిస్తుందో లేదో కూడా తెలియదు. వినిపిస్తే, ముందుగా జీతం మాట తనే ఎత్తాలి, మొహంలోకి చూసి ఎత్తాలి. అది ఈ కాగితం కంటే కష్టమనిపించింది.

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని పెన్ను తీసింది. మొదటి గడి: సర్వే చేసినవారికి ఈ కుటుంబంతో సంబంధం. సర్వే రోజు తను నొక్కిన 'లేదు' అక్కడ అచ్చయి వచ్చింది. దాన్ని కొట్టేసి 'ఉంది' అని రాసింది. రెండో గడి: సరిచేయవలసిన వివరం. 'ఫ్రిజ్ వారి సొంతమే. పనిచేయదు. సర్వే నాటికీ పనిచేయదు' అని రాసింది. మూడో గడి అన్నిటికంటే చిన్నది. అందులో ఒకే ప్రశ్న: ఆ వివరం మీకు ఎలా తెలుసు?

సూపర్‌వైజరు భుజం మీదుగా చూస్తున్నాడు. "పక్కింటివాళ్ళు చెప్పారని రాసెయ్యండి, సరిపోతుంది," అన్నాడు, నిజంగానే జాలిపడి.

ఆమె ఒకసారి తలెత్తి, గోడ మీద నిన్న తన అరచేత్తో అదిమిన కాగితాలవైపు చూసింది. తర్వాత తల వంచుకుని, అక్షరాలు గడి దాటి పోతున్నా ఆగకుండా రాసింది:

'ఆమె మా ఇంట్లో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. జీతం పెంచమని అడిగితే, చెడిపోయిందని తెలిసీ ఆ ఫ్రిజ్‌ను ఆమెకు అంటగట్టింది నేనే.'